ఏప్రిల్ 8 సూర్యగ్రహణం: హ్యూస్టన్ నుంచి ఫ్యామిలీతో ఎటు వెళ్తే బెటర్?

కేటీ_కోడలు · మార్చి 23, 2024

అందరికీ హాయ్. మేం హ్యూస్టన్ పక్కన కేటీలో ఉంటాం. ఏప్రిల్ 8 సోమవారం సూర్యగ్రహణం కదా, ఇక్కడ 94 శాతమే అంట, సంపూర్ణంగా చూడాలంటే కారేసుకుని పోవాల్సిందే. మా ఆయనకి పొద్దున లేస్తే ఇదే గోల, ఇంట్లో మూడు మ్యాపులు ప్రింట్ తీసి గోడకి అంటించాడు. కానీ ఒక్క ప్లానూ తేలట్లేదు.

ఆప్షన్ ఒకటి, ఐ-10 మీద కెర్‌విల్, ఫ్రెడరిక్స్‌బర్గ్ వైపు. అక్కడ నాలుగు నిమిషాల పైన ఉంటుందంట కానీ హోటల్ రేట్లు చూస్తే కళ్ళు తిరుగుతున్నాయి. రెండోది ఐ-45 మీద డాలస్, ఇర్వింగ్‌లో మా ఆడపడుచు వాళ్ళున్నారు. మూడోది అసలు ఎక్కడికీ వెళ్ళకుండా బ్యాక్‌యార్డ్‌లో 94 శాతం చూసి ఊరుకోవడం.

అసలు చిక్కేంటంటే మా అత్తయ్య మామయ్య నల్గొండ నుంచి వచ్చి ఉన్నారు. మామయ్యకి షుగర్, టైమ్‌కి తినాలి. అత్తయ్యేమో "అమావాస్య, దాని మీద గ్రహణం, ఆ రోజు పసిపిల్లలను వేస్కొని ఎవరన్న ప్రయాణం పెట్టుకుంటరా" అని ఒకటే పట్టు. పైగా మా పెద్దోడిది రేవతి నక్షత్రం, గ్రహణం రేవతిలోనే పడుతోందంట, వాడు చూడకూడదంటారు. వాడికి ఏడేళ్ళు, స్కూల్లో చెప్పిన దగ్గర్నుంచి రోజులు లెక్కపెడుతున్నాడు. చిన్నదానికి మూడు, అద్దాలు పెడితే పీకి పారేస్తుంది. మర్నాడు మంగళవారం ఉగాది. ఆ టైమ్‌కి ఇంట్లో ఉండాలా, ఉగాది పచ్చడి రోడ్డు మీద చేసుకోవాలా? 2017 గ్రహణానికి వెళ్ళినవాళ్ళు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి ప్లీజ్.

ఇర్వింగ్_ఇడ్లీ · మార్చి 23

సొంత ఆడపడుచు ఇల్లు ఇర్వింగ్‌లో పెట్టుకుని హోటల్ రేట్లు చూడటం ఏంటండీ. మాదీ ఇర్వింగే. చంద్రుడి పూర్తి నీడ ఎక్కడెక్కడ పడుతుందో నాసా మ్యాప్‌లో ఉంది, డాలస్ ఊరు మొత్తం లోపలే. డాలస్ డౌన్‌టౌన్‌లో మూడు నిమిషాల యాభై సెకన్ల దాకా, మా ఇర్వింగ్‌లో కొంచెం తక్కువ, ఫోర్ట్‌వర్త్‌కి వెళ్తే రెండున్నర చిల్లరకి పడిపోతుంది. మధ్యాహ్నం 12:23కి మొదలు, 1:40కి పూర్తి చీకటి, మూడింటికల్లా అంతా అయిపోతుంది. ఆదివారమే వచ్చేయండి, పెద్దవాళ్ళకి ఇంట్లో బాత్రూమ్ ఉంటుంది, మంచం ఉంటుంది, మామయ్యగారికి టైమ్‌కి అన్నం ఉంటుంది. ఇంకేం కావాలి.

కెర్‌విల్ వైపు వద్దనే చెప్తాను. ఊళ్ళు చిన్నవి, రోడ్లు సన్నం, జనం లక్షల్లో వస్తారంటున్నారు. బెల్ కౌంటీ వాళ్ళయితే ముందే డిజాస్టర్ డిక్లేర్ చేసేశారు, ట్రాఫిక్‌కీ పెట్రోలుకీ ఇబ్బంది అవుతుందని.

గచ్చిబౌలి_టు_గాల్వెస్టన్ · మార్చి 24

94 శాతం అంటే దాదాపు నూరే కదా బ్రో, ఆ ఆరు శాతం కోసం నాలుగు గంటలు పోను నాలుగు గంటలు రాను, మధ్యలో పిల్లల ఏడుపు, ఎందుకు? నేను పోయిన అక్టోబర్‌లో శాన్ ఆంటోనియో వెళ్ళి ఆ రింగ్ గ్రహణం చూశా. బానే ఉంది, కానీ చీకటే పడలా. అందరూ ఓహో అంటున్నారని నేనూ ఓహో అన్నా. నాకైతే యూట్యూబ్ లైవ్ చాలు.

చుక్కల_పిచ్చి · మార్చి 24

గాల్వెస్టన్ బ్రో, అక్టోబర్ 14న నువ్వు చూసింది వలయ గ్రహణం. అప్పుడు చంద్రుడు దూరంగా ఉన్నాడు, సైజు చిన్నగా కనపడి సూర్యుడిని పూర్తిగా కప్పలేకపోయాడు, అందుకే రింగ్ మిగిలింది, అందుకే చీకటి పడలేదు. ఇది వేరే. సూర్యుడి వెలుగు పున్నమి చంద్రుడి వెలుగుకి నాలుగు లక్షల రెట్లు. సూర్యుడి చుట్టూ పలచగా ఉండే కరోనా అనే పొర వెలుగేమో సుమారు పున్నమి చంద్రుడంతే. ఇప్పుడు లెక్కేసుకో, ఒక్క శాతం సూర్యుడు మిగిలినా అది కరోనా కంటే వేల రెట్లు ఎక్కువ, ఇంక కరోనా ఎక్కడ కనపడుతుంది? 94 అయినా 99 అయినా మబ్బు పట్టిన మధ్యాహ్నంలా ఉంటుంది అంతే. 99 దగ్గర ఆగిపోవడమంటే విస్తరి ముందు కూర్చుని చెయ్యి కడుక్కుని లేచి వచ్చినట్టు.

కేటీ కోడలు గారూ, నేను 2017 ఆగస్ట్ 21కి చికాగో నుంచి ఫ్రెండ్స్‌తో కార్బన్‌డేల్ వెళ్ళా. అక్కడి యూనివర్సిటీ స్టేడియంలో వేల మంది కూర్చున్నారు, ఆకాశం అంతా నీలంగా ఉంది, సరిగ్గా టైమ్‌కి ఒక్క మబ్బు ముక్క వచ్చి సూర్యుడి ముందు నిలబడింది, స్టేడియంలో వాళ్ళకి దక్కింది కొన్ని సెకన్లే. మేం కాస్త దక్షిణంగా ఒక పొలం గట్టు మీద ఉన్నాం, మాకు మొత్తం కనపడింది. అందుకని ఎక్కడ చూడాలో నెల ముందు డిసైడ్ అవ్వకండి. ఎక్కడ *పడుకోవాలో* డిసైడ్ అవ్వండి. నీడ వెడల్పు సుమారు 120 మైళ్ళు, సోమవారం పొద్దున లేచి శాటిలైట్ బొమ్మ చూసుకుని, అవసరమైతే గంట డ్రైవ్ చేసి జరగండి. ఇర్వింగ్ నుంచి అయితే దక్షిణంగా ఐ-45 మీద ఎన్నిస్ ఉంది, నీడ దారి మధ్య గీత దానికి దగ్గర్నుంచే వెళ్తుంది, నాలుగు నిమిషాల ఇరవై సెకన్ల పైన. ఏప్రిల్‌లో అక్కడ బ్లూబానెట్ పూలు కూడా విరగబూసి ఉంటాయి, పెద్దవాళ్ళకి ఫొటోలు దిగడానికి అదొకటి. బకీస్ అనే పెద్ద పెట్రోల్ బంకు కూడా ఉంది, బాత్రూమ్ బెంగ లేదు.

ఇంకోటి, ఇదే అన్నిటికంటే ముఖ్యం. వెళ్ళేటప్పుడు ట్రాఫిక్ ఉండదు, ఎందుకంటే జనం రెండు మూడు రోజుల ముందు నుంచీ చిన్నగా చేరతారు. తిరిగొచ్చేటప్పుడు అందరూ ఒకే గంటలో బండి స్టార్ట్ చేస్తారు. మేం ఐ-57 మీద వచ్చేసరికి అర్ధరాత్రి దాటింది, ఐదు గంటల దారి రెట్టింపు పైనే పట్టింది, ఫోన్లు పనిచెయ్యలా, పెట్రోల్ బంకుల్లో చిప్స్ ప్యాకెట్లు కూడా లేవు. సోమవారం సాయంత్రం హ్యూస్టన్ వైపు కారు తిప్పొద్దు. మీ ఆడపడుచు వాళ్ళింట్లోనే ఉగాది చేసుకుని మంగళవారం భోజనాలయ్యాక బయలుదేరండి. మ్యాప్ మాత్రం ముందే ఆఫ్‌లైన్‌లో దింపుకోండి.

సీతమ్మ_వాకిట్లో · మార్చి 25

అమ్మాయీ, నేను న్యూజెర్సీలో మా అబ్బాయి దగ్గరుంటాను, పిల్లలు టైప్ చెయ్యడం నేర్పారు, తప్పులుంటే ఏమనుకోకు. సూర్యగ్రహణం ఎప్పుడు పట్టినా అమావాస్య నాడే పడుతుంది, పౌర్ణమికి పట్టదు కదా, కాబట్టి మీ అత్తగారికి అమావాస్య కాని రోజు చూపించలేం. ప్రయాణం మాత్రం ఆదివారం పొద్దున పెట్టుకో, మన టెక్సాస్ టైము ప్రకారం సాయంత్రం దాకా చతుర్దశే. అది చెప్తే ఆవిడ కొంచెం మెత్తబడొచ్చు.

పెద్దావిడతో వాదన పెట్టుకోవద్దు. ఆవిడ ఇంట్లో కూర్చుని జపం చేసుకుంటానంటే చేసుకోనివ్వు, పట్టు స్నానం విడుపు స్నానం చేస్తానంటే గీజర్ వేసి ఉంచు. దర్భలు అక్కడ దొరక్కపోతే ఇక్కడ నుంచి పంపుతాను, మా వాడు పూజ సామాన్ల షాపు నుంచి తెచ్చాడు, ఊరగాయ జాడీల మీద వేయడానికి నాలుగు పోగులు చాలు. ఇండియాలో ఈ గ్రహణం కనపడదు గనక అక్కడ గుళ్ళు మూయరు, నియమాలూ లేవు, కానీ మనం ఉన్న చోట కనపడుతోంది కాబట్టి పాటించేవాళ్ళకి ఇక్కడ పట్టింపే. శ్రీకాళహస్తిలో అయితే గ్రహణం రోజు కూడా గుడి తెరిచే ఉంచుతారని మీ అత్తగారికి గుర్తు చెయ్యి.

రేవతి సంగతి. మా ఇంట్లోనూ ఒకరిది రేవతే. మా పురోహితుణ్ణి అడిగితే తర్వాత శివుడికి అభిషేకం చేయించి దానం ఇమ్మన్నారు. నీ కొడుకు చూస్తాడా లేదా అన్నది మీ ఇంట్లో మీరు తేల్చుకోవాలి, నేను చెప్పను. షుగర్ ఉన్న ఆయన మాత్రం ఉపవాసం అని కూర్చోకూడదు, పిల్లలకీ ముసలివాళ్ళకీ జబ్బు మనుషులకీ ఆ నియమం లేదని మా అత్తగారే చెప్పేవారు. పదకొండున్నరకల్లా అన్నం పెట్టేసెయ్, పట్టడానికి ముందే అయిపోతుంది, ఇద్దరి మాటా నిలబడుతుంది.

కేటీ_కోడలు · మార్చి 25

సీతమ్మ గారూ మీకు దండం. చతుర్దశి పాయింట్ పనిచేసింది అండీ!! అత్తయ్య "గట్లయితే సరే, నేనైతే బయటకి రాను" అన్నారు. చాలు అదే. మామయ్యేమో నిన్న రాత్రి కొత్త విషయం చెప్పారు. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ గ్రహణం నల్గొండ మీదుగానే వెళ్ళిందంట, శనివారం మధ్యాహ్నం మూడున్నర దాటాక. ఆయనకప్పుడు ఇరవై ఏళ్ళు కూడా లేవు. కిటికీలకి దుప్పట్లు కట్టి అందర్నీ లోపల కూర్చోబెట్టారంట, బజార్లో కుక్క కూడా లేదంట. "మా తలకాయ మీదికెల్లి పోయింది, సూడలే" అన్నారు. ఇంక మా ఆయన్ని ఆపేవాళ్ళు లేరు.

చుక్కల_పిచ్చి · మార్చి 25

వామ్మో మీ మామయ్య ఊరు మధ్య గీతకి దగ్గర్లోనే ఉందండీ. అప్పుడు ఉస్మానియా వాళ్ళ జపాల్ రంగాపూర్ అబ్జర్వేటరీకి దేశదేశాల సైంటిస్టులు వచ్చి చూశారు, నల్గొండ నుంచి ఎంత దూరం అది. అంటార్కిటికా దాకా ఖర్చు పెట్టుకుని వెళ్ళే జనం ఉన్నారు దీని కోసం, ఆయనకి ఇంటి మీదకే వచ్చింది. తీసుకెళ్ళండి తీసుకెళ్ళండి.

ప్లానో_అమ్మ · మార్చి 27

పిల్లల గురించి నేను చెప్తా. మూడేళ్ళ దానికి అట్ట అద్దాలు నిలవవు, పేపర్ ప్లేట్‌కి మధ్యలో కోసి అద్దాలు అతికించి వెనక ఎలాస్టిక్ పెట్టండి, మొహం మొత్తం కవర్ అవుతుంది, పక్క నుంచి తొంగి చూడలేదు. దానికి ముందే నెమలి బొమ్మ వేసి ఇస్తే తనే అడిగి పెట్టుకుంటుంది. అద్దాలు కొనేటప్పుడు ఐఎస్ఓ 12312-2 అని ఉందో లేదో చూడండి, కానీ నంబర్ ఎవడైనా ప్రింట్ చేస్తాడు కాబట్టి అమెరికన్ ఆస్ట్రనామికల్ సొసైటీ సైట్‌లో అమ్మేవాళ్ళ లిస్ట్ ఉంది, అందులో వాళ్ళ దగ్గరే కొనండి. పెట్టుకుని ఇంట్లో చూస్తే ఏమీ కనపడకూడదు, కుర్చీ తగిలి పడాలి, అదే టెస్ట్.

ఇంకా బూందీ గరిటె పట్టుకెళ్ళండి! సీరియస్‌గా చెప్తున్నా. గ్రహణం సగం పట్టాక ఎండలో నేల మీదకి పట్టుకుంటే ప్రతి చిల్లు కింద ఒక నెలవంక పడుతుంది, యాభై అరవై బుల్లి సూర్యుళ్ళు. అక్టోబర్‌లో మా పిల్లలు అద్దాలు పక్కన పడేసి దాంతోనే ఆడారు. చూడనివ్వకపోతే మీ రేవతి బాబుకి అది ఇవ్వండి, నేల చూస్తే తప్పు లేదు కదా.

గచ్చిబౌలి_టు_గాల్వెస్టన్ · మార్చి 27

పూర్తిగా కప్పేసినప్పుడు అద్దాలు తీసేయాలంటున్నారు, నిజమేనా? కళ్ళు పోతే ఎవరు బాధ్యులు? (నేను రావట్లేదు, ఊరికే అడుగుతున్నా)

చుక్కల_పిచ్చి · మార్చి 27

తియ్యాలి. తియ్యకపోతే ఏమీ కనపడదు, అద్దాల్లోంచి కరోనా కనిపించదు. లోపల చివరి వెలుగు చుక్క ఆరిపోయి మొత్తం నల్లగా అయ్యాక తీయండి, రెండో పక్క ఉంగరం మీద వజ్రంలా వెలుగు తగలగానే మళ్ళీ పెట్టండి. నీడ లోపల ఉన్నవాళ్ళకే ఇది, గాల్వెస్టన్ లో ఉన్నోళ్ళు ఒక్క సెకను కూడా తీయకూడదు. ఫోన్‌తో ఫొటోల పిచ్చిలో పడొద్దు, తర్వాత నెట్ నిండా వస్తాయి. వీడియో కావాలంటే ఫోన్ ఏదో మూలన స్టాండ్ మీద పెట్టి మనుషుల మొహాలు తీయండి. (రావట్లేదంటూ ఈ ప్రశ్నలేంటి బ్రో)

ఇర్వింగ్_ఇడ్లీ · ఏప్రిల్ 7, రాత్రి

టెక్సాస్‌లో మబ్బులుండవు, ఇక్కడే బెస్ట్ అని ముప్పై ఏళ్ళ వెదర్ లెక్కలు చూపించి అందరూ ఇక్కడికి వచ్చారు, ఇప్పుడేమో ఫోర్‌కాస్ట్‌లో మన దగ్గర మబ్బు, సాయంత్రం వడగళ్ళు, పైన వర్మాంట్‌లో మెయిన్‌లో క్లియర్ అంట. మా ఆవిడ నన్ను చూసి నవ్వుతోంది. కేటీ కోడలు గారూ చేరారా?

కేటీ_కోడలు · ఏప్రిల్ 7, రాత్రి

చేరాం అండీ, దారి ఖాళీగానే ఉంది. ఇక్కడ ఇంట్లో యుద్ధం. మా ఆయన, మా ఆడపడుచు భర్త ఇద్దరూ లాప్‌టాప్ ముందు కూర్చుని పొద్దున నాలుగింటికి లేచి అర్కాన్సాస్ వెళ్దాం, అక్కడ తెరిపి ఉంటుందంటున్నారు. మామయ్య "నేను రాను, ఉంటే ఈడనే ఉంటది" అని పడుకున్నారు.

కేటీ_కోడలు · ఏప్రిల్ 10

లేట్ అయింది, నిన్న రాత్రే ఇల్లు చేరాం. అర్కాన్సాస్ వెళ్ళలేదు, ఎన్నిస్ కూడా వెళ్ళలేదు. పొద్దున శాటిలైట్ చూస్తే దక్షిణంగా ఇంకా దట్టంగా ఉంది. బర్నెట్ దగ్గర పెద్ద ఫెస్టివల్‌నే ఆ రోజు పొద్దున వాతావరణం బాలేదని ఆపేశారంట. నలుగురు ముసలీముతకా పిల్లలతో ఎక్కడికని, ఆడపడుచు వాళ్ళింటి దగ్గర పార్క్‌లోనే మడత కుర్చీలు వేశాం. పదకొండున్నరకి పులిహోర, పెరుగన్నం, మామయ్య మాత్ర అన్నీ అయిపోయాయి.

పన్నెండున్నరకి మబ్బు, ఒంటిగంటకి మబ్బు, మధ్యలో మధ్యలో కొంచెం తెరిపి. మా ఆయన మొహం చూడాలి. బూందీ గరిటె సూపర్ హిట్ అండీ ప్లానో అమ్మ గారూ, తెరిపి వచ్చినప్పుడల్లా పార్క్‌లో పిల్లలందరూ మా చుట్టూనే, ఒక మెక్సికన్ తాతగారు అది ఎక్కడ కొన్నారని అడిగారు, మా అత్తయ్య నల్గొండ నుంచి తెచ్చింది అని చెప్తే ఏం అర్థమైందో గానీ తల ఊపారు.

1:35 దాటాక వెలుగు అదోలా మారింది, సాయంత్రంలా ఎర్రగా కాదు, ఎవరో రంగు తగ్గించేసినట్టు, నీడల అంచులు బ్లేడ్‌తో కోసినట్టు. చల్లగాలి. టెక్సాస్ పార్కింగ్ లాట్లలో తిరిగే ఆ నల్ల పిట్టలు గోల చేసుకుంటూ చెట్ల మీద చేరిపోయాయి, పార్క్ లైట్లు వెలిగాయి. సరిగ్గా ఆ టైమ్‌కి మబ్బు పలచబడి పక్కకి జరిగింది. ఇంక నేను చెప్పలేను, నల్లటి బొట్టు, చుట్టూ తెల్లగా అన్ని వైపులా జుట్టు విరబోసుకున్నట్టు, కింది అంచున ఒక గులాబీ రంగు చుక్క, అది మంట అంట, మామూలు కంటికే కనిపించింది. కుడి పక్క కింద శుక్రుడు. పెద్దోడు చూశాడు అండీ, మా ఆయన అత్తయ్యని ముందే అడిగాడు, "అభిషేకం జేపిస్తానంటే మీ ఇష్టం" అన్నారు. చిన్నది నెమలి ప్లేట్ తీసేసి "లైట్ వెయ్యండి" అని ఏడ్చింది.

మామయ్య కుర్చీలోంచి లేచి నిలబడ్డారు, మొత్తం సేపు కూర్చోలేదు. వెలుగు రాగానే ఆయన మొదటి మాట "అయిపోయిందా? ఏమంత సేపు లేదు గదా, నలభై ఏండ్లు ఆగితే" అని. తర్వాత నల్గొండలో తమ్ముడికి వీడియో కాల్ చేసి అక్కడ అర్ధరాత్రి అని కూడా చూడకుండా అరగంట చెప్పారు.

అత్తయ్య అన్నట్టే బయటకి రాలేదు. ఇంట్లో పళ్ళెంలో నీళ్ళు పోసి మా ఆడపడుచు దగ్గరున్న చిన్న రోకలి నిలబెట్టారంట, మేం వచ్చేసరికి నిలబడే ఉంది. "మీరు పైన సూసిండ్రు, నేను ఈడ సూసిన" అన్నారు. ఆవిడకి మా అందరికంటే ఎక్కువ సంతోషం. మర్నాడు అక్కడే క్రోధి నామ ఉగాది, వేప పువ్వు ఇండియన్ స్టోర్‌లో దొరికింది, మధ్యాహ్నం బయలుదేరాం, రోడ్డు మామూలుగానే ఉంది. ఆ రోజే తిరిగొచ్చిన మా ఫ్రెండ్స్ మాత్రం ఐ-45 మీద బాగా ఇరుక్కున్నారంట.

గచ్చిబౌలి_టు_గాల్వెస్టన్ · ఏప్రిల్ 10

రోకలి అడుగు చదునుగా ఉంటే ఏ రోజైనా నిలబడుతుంది కదండీ 😄 నేను మాత్రం 94 శాతం చూశా. కొంచెం మసకగా అనిపించింది, లంచ్‌కి వెళ్ళిపోయా. డాలస్‌కి మళ్ళీ ఎప్పుడు?

చుక్కల_పిచ్చి · ఏప్రిల్ 10

డాలస్‌కి మళ్ళీ 2317లో. తొందరపడకు. అమెరికాలో అలాస్కా వదిలేస్తే 2044 ఆగస్టులో మోంటానా వైపు, 2045 ఆగస్ట్ 12న కాలిఫోర్నియా నుంచి ఫ్లోరిడా దాకా. రోకలి జోలికి వెళ్ళకు, పెద్దావిడ సంతోషం ఆవిడది.

లండన్_లక్ష్మి · ఏప్రిల్ 11

మాకు దగ్గర్లో 2026 ఆగస్ట్ 12న స్పెయిన్‌లో ఉంది కదా, అమ్మానాన్నల్ని అప్పటికి పిలిపిద్దామనుకుంటున్నా. మాడ్రిడ్‌లో దిగి చూసేయొచ్చా?

చుక్కల_పిచ్చి · ఏప్రిల్ 11

మాడ్రిడ్, బార్సిలోనా రెండూ నీడకి కొంచెం బయట పడతాయండీ, అక్కడే ఆగితే గాల్వెస్టన్ బ్రో పరిస్థితే. కారు తీసుకుని బుర్గోస్ గానీ జరగోజా గానీ వెళ్ళాలి. ఇంకో తిరకాసు, అది సాయంత్రం ఎనిమిదిన్నర ప్రాంతంలో, సూర్యుడు బాగా కిందకి దిగిపోయి ఉంటాడు, పడమటి వైపు కొండో బిల్డింగో అడ్డుంటే అంతే సంగతులు, చోటు ముందే వెళ్ళి చూసుకోవాలి. నిమిషం ముప్పావు కంటే పెద్దగా ఉండదు. ఎక్కువ సేపు కావాలంటే 2027 ఆగస్ట్ 2న ఈజిప్ట్ లక్సర్, ఆరు నిమిషాల పైన, మబ్బు అన్న మాటే ఉండదు, కానీ ఆగస్టులో అక్కడి ఎండకి పెద్దవాళ్ళని తీసుకెళ్ళాలంటే ఆలోచించుకోండి.

కేటీ_కోడలు · ఏప్రిల్ 11

లక్ష్మి గారూ మా దగ్గర అద్దాలు బోలెడు మిగిలాయి, గీతలు పడనివి, చిల్లులు లేనివి అయితే మళ్ళీ వాడుకోవచ్చంట. అడ్రస్ మెసేజ్ చేయండి, నెమలి ప్లేట్ తప్ప అన్నీ పంపిస్తా, అది ఇంట్లో ఇంకా ఇవ్వట్లేదు.